ఇంటిపేరు దాచుకోవద్దు, రాసుకుందాం!



ఊర్లెకు కొత్త మనిషి వస్తే పెద్దకులపోళ్ళు అడిగే మొదటి ప్రశ్న "మీ ఇంటిపేరేంది?" ఇది పరిచయం కోసం అడిగే మాట కాదు. కులం తూచుకునే తక్కెడ. ఇంటిపేరుతో తేలకపోతే "మీ ఇల్లు ఏ వాడల?" అంటరు. అప్పటికీ తేలకపోతే "మీ నాయిన ఏం పని చేస్తడు?" అంటరు. ఈ ప్రశ్నలకు జవాబు చెప్పి చెప్పి విసిగిన మన పిల్లలు పట్నం పోయినంక ఇంటిపేరును ఒక్క పొడి అక్షరం చేసి దాచుకుంటున్నరు. కిరాయి ఇల్లు ఇయ్యరని భయం. తోటోళ్ళు దూరం జరుగుతరని భయం. ఆ భయం ఉత్తది కాదు, దానికి తప్పు మన పిల్లలది అంతకంటే కాదు.

కానీ మనం దాచుకుంటున్నది దేన్నో ఒక్కసారి ఆలోచించాలె. మన తాతల చేతుల భూమి లేదు, బంగారం లేదు, రాసిపెట్టిన పుస్తకం లేదు. వాళ్ళు మనకిచ్చిన ఆస్తి ఇంటిపేరు ఒక్కటే. మనం ఏ ఊరి నుంచి వచ్చినం, ఏ పని చేసినం, ఎవరి దౌర్జన్యానికి ఊరిడిచినం అనేదానికి అదే మిగిలిన సాక్ష్యం. ఆ సాక్ష్యాన్ని మనమే చెరుపుకోవద్దని మేము అంటున్నం.

రికార్డుల మన పేరు ఎట్లున్నది?

పాత పహాణీలు చూసినోళ్ళకు ఈ సంగతి ఎరుకే. దొర పేరు ఇంటిపేరుతో మొదలై రెడ్డితోనో రావుతోనో నిండుగ ముగుస్తది. మన తాత కాడికి వచ్చేసరికి ఇంటిపేరు ఉండాల్సిన జాగల కులం పేరు కూసుంటది. "మాదిగ ఎల్లయ్య", "మాల నర్సయ్య". నోటిమాటల అయితే ఆ "అయ్య" కూడ పోయి ఎల్లిగాడు, నర్సిగాడు. మాదిగవాడల ఐదుగురు ఎల్లయ్యలు ఉంటే మనవాళ్ళు ఐదుగురినీ ఇంటిపేరుతో వేరుచేసి పిలుచుకున్నరు. పట్వారీ కలానికి ఐదుగురూ ఒక్కటే. పేరు తెలువక కాదు, రాయాల్సిన అవసరం ఉందని అనుకోక.

దాని ఫలితం ఇయ్యాల్టికీ అనుభవిస్తున్నం. తాతకు రెండెకరాల లావణి పట్టా వచ్చింది. పట్టాల పేరు "మాదిగ ఎల్లయ్య". మనుమడి పదో తరగతి సర్టిఫికెట్ల ఇంటిపేరు ఉంది. ఆధార్‌ల ఆ ఇంటిపేరే ఇంకో తీరు అక్షరాలతో ఉంది. ఆ ఎల్లయ్యా ఈ ఎల్లయ్యా ఒక్కడే అని రుజువు చెయ్యమంటరు. ఒక ఊర్ల ఒక ముసలమ్మ మొగని పేరు కలవలేదని ఆఫీసు చుట్టూ రెండేండ్లు తిరిగింది, మేము కండ్లార చూసినం. 2020ల ధరణి వచ్చింది, 2025ల దాని జాగల భూభారతి వచ్చింది. కంప్యూటర్ మారినా, మొదట రాసిన పేరే తప్పయితే ఆ తప్పే ముందుకు నడుస్తది.

ఇంగ్లాండోళ్ళు చేసిన పని

ఇంటిపేర్లను వెనక్కి పట్టి చూసే పని ఇంగ్లాండుల ఎప్పటినుంచో నడుస్తున్నది. అక్కడ 1881 జనాభా లెక్కల కాగితాలల్ల ప్రతి మనిషి పేరు, ఉన్న ఊరు, పుట్టిన ఊరు రాసి ఉన్నయ్. ఆ కాగితాలు ముందర పెట్టుకొని ఏ ఇంటిపేరోళ్ళు ఏ జిల్లాల ఎంతమంది ఉన్నరో పటం గీస్తరు. మన దేశంల కూడ అదే 1881ల లెక్కలు జరిగినయ్. కానీ మనం ఆ లెక్కలల్ల పేర్లుగ మిగలలేదు, కులాల వారీ తలకాయలుగ మిగిలినం.

వాళ్ళు కనుక్కున్న సూత్రం తేలికైనదే. స్మిత్ అంటే కమ్మరి. ప్రతి ఊర్ల కమ్మరి ఉంటడు కాబట్టి స్మిత్ అనే పేరు వందల ఊర్లల్ల వేరువేరుగ పుట్టింది. ఇద్దరు స్మిత్‌లు ఎదురైతే వాళ్ళు చుట్టాలే అనుకోవడానికి లేదు. కానీ అరుదైన పేరు సంగతి వేరు. అది చాలాసార్లు ఒక్క ఊర్ల, ఒక్క కుటుంబంల పుడుతది. పటం మీద చూస్తే ఒక్కకాడ గుంపుగ ఉంటది. దూరంగ ఎక్కడన్న నాలుగిండ్లు కనపడితే, వాళ్ళు బతుకుదెరువుకు అక్కడికి పోయినోళ్ళు అని తెలుస్తది.

ఇంకో సంగతి. టానర్ అని వాళ్ళకు ఒక ఇంటిపేరు ఉంది. తోలు ఊనేటోడు అని దాని అర్థం. థాచర్ అంటే ఇండ్ల మీద గడ్డి కప్పేటోడు. మార్గరెట్ థాచర్ తన మొగని తరఫున వచ్చిన ఆ పేరుతోనే 1979 నుంచి 1990 దాకా ఆ దేశానికి ప్రధానమంత్రిగ ఉన్నది. అక్కడ పని పోయినంక పేరు ఉత్త పేరుగ మిగిలింది. ఇక్కడ మన తాత లంద ఇడిచి మూడు తరాలైనా, మనుమడు మాస్టరైనా, పేరు వినంగనే లంద వాసన వచ్చినట్టు మూతి తిప్పుతరు. తోలు పనిల తప్పు లేదు. మూతి తిప్పే మనువాదంల ఉంది తప్పు.

మన పేర్లు ఏం చెప్తున్నయ్?

అదే సూత్రంతో మన ఇంటిపేర్లు చూద్దాం.

కొన్ని పని పేర్లు. నీరటి అంటే చెరువు తూము కాడ ఉండి మడిమడికి నీళ్ళు పారిచ్చినోడు. తలారి అంటే ఊరి కావలి కాసినోడు. మెదక్, సంగారెడ్డి, రంగారెడ్డి దిక్కు బేగరి అనే ఇంటిపేరు వినపడుతది. బేగారి అంటే కూలి లేని చాకిరి, వెట్టి. చేయించుకున్నోని పేరు మీద గడి నిలబడ్డది, చేసినోనికి వెట్టే ఇంటిపేరయింది! ఇవన్నీ స్మిత్ లాంటి పేర్లు. ఊరూరికి నీరటి ఉన్నడు కాబట్టి నీరటోళ్ళందరూ ఒక్క తాత పిల్లలు కారు. కానీ అందరూ ఒక్కటే చరిత్ర మోస్తున్నరు. చెరువు కింద భూమి ఒకరిది, తూము కాడ రాత్రి కావలి మనది.

కొన్ని ఊరి పేర్లు. ఇక్కడ ఒక కిటుకుంది. ఊర్లె ఉన్నంత కాలం ఎవ్వనికీ ఆ ఊరి పేరు ఇంటిపేరు కాదు. కొలకలూరుల అందరూ కొలకలూరోళ్ళే, అక్కడ ఆ పేరుతో ఒకరిని వేరుచేసి పిలిచే పని లేదు. ఊరిడిచి ఇంకో ఊరికి పోయినంకనే "కొలకలూరి నుంచి వచ్చినోళ్ళు" అంటరు. రచయిత కొలకలూరి ఇనాక్ గారు 1939ల పుట్టింది గుంటూరు జిల్లా వేజెండ్లల. ఆయన ఇంటిపేరుల ఉన్న కొలకలూరు తెనాలి కాడ ఉంది. అంటే ఊరి పేరు ఇంటిపేరుగ ఉంటే ఒక వలస జరిగినట్టే లెక్క. ఎందుకు ఊరిడిసిన్రు? కరువా? అప్పా? దొర కొట్టిండా? ఆ ప్రశ్న మన ముసలోళ్ళను అడగాలె.

తుంగతుర్తి నియోజకవర్గం 2009 ఎన్నికల నుంచి ఎస్సీలకు రిజర్వయింది. అప్పటి నుంచి గెలిచినోళ్ళ ఇంటిపేర్లు మోత్కుపల్లి, గాదరి, మందుల. వీటిల మోత్కుపల్లి ఊరి పేరు తీరుగనే ఉన్నది. మోతుకు అంటే మనం విస్తర్లు కుట్టే మోదుగే. ఏ పార్టీ వాళ్ళయినా కానీ, ఈ పేర్లు శాసనసభ రిజిస్టరుల ఎక్కినయ్. పహాణీ ఇయ్యని జాగ ఓటు ఇచ్చింది.

తొందరపడి చెప్పొద్దు కూడ. చిలుకూరు మన జిల్లాల కోదాడ కాడ ఉంది, హైదరాబాదు పక్కన ఇంకోటి ఉంది. చిలుకూరి ఇంటిపేరోళ్ళు ఏ చిలుకూరోళ్ళో విచారించకుండ తేల్చద్దు. పైగ ఆ పేరు బ్రాహ్మణుల నుంచి మన దాకా చాలా కులాలల్ల ఉంది. ఒక్క ఊరి పేరును అందరం పంచుకున్నం. ఆ ఊరి బాయిని మాత్రం పంచుకోనియ్యలే.

ఇంకొన్ని చెట్టు పేర్లు, పశువు పేర్లు, వస్తువు పేర్లు. గుర్రం, కత్తి, మంద, గోగు, గుమ్మడి. గుర్రం జాషువా, కత్తి పద్మారావు, మంద కృష్ణ, గోగు శ్యామల, గుమ్మడి విఠల్ రావు అనే మన గద్దర్. ఈ పేర్లు వినని దళితవాడ లేదు. ఒక్కో పేరు వెనుక ఒక్కో కథ ఉంటది, అది ఆ ఇంటోళ్ళే చెప్పాలె.

పేర్లను ఎవరు కాపాడిన్రు?

మన చరిత్ర ఎవరూ రాయలే అంటం. రాయలే గని, చెప్పినోళ్ళు ఉన్నరు. డక్కలోళ్ళు మాదిగలను తప్ప వేరే కులాన్ని అడుక్కోరు. వాడకొచ్చి జాంబపురాణం చెప్పి, మాదిగ ఇండ్ల వంశాలు నోటితో చదివి, తమ హక్కు తీసుకపోయేటోళ్ళు. అదే మన రిజిస్టర్. మన చరిత్ర మోసిన ఆ మనుషులను మనమే కిందికి చూసినం. తెలంగాణల 2025 ఏప్రిల్ 14న అమలుకొచ్చిన ఎస్సీ వర్గీకరణల 59 కులాలను మూడు గ్రూపులు చేసిన్రు. 15 శాతంల 1 శాతం, 9 శాతం, 5 శాతం వాటాలు. డక్కలి కులం ఆ 1 శాతం గ్రూపుల ఉన్నది. అంత వెనుకబడ్డోళ్ళ నోట్లె మన వంశాలు ఉన్నయ్. వాళ్ళ ముసలోళ్ళు పోకముందే పోయి కూసొని వినాలె.

పేరు పోతే ఏమైతదో నటాల్ చూపిస్తది. 1860 నవంబరు 16న మద్రాసు నుంచి కూలీలను ఎక్కించుకున్న ట్రూరో అనే ఓడ దక్షిణాఫ్రికాల డర్బన్ రేవు చేరింది. దాని వెనుక ఎన్నో ఓడలు పోయినయ్, మన తెలుగోళ్ళూ పోయిన్రు. ఓడ జాబితాలల్ల పేరు, తండ్రి పేరు, కులం, జిల్లా, ఊరు రాసిన్రు. ఇంటిపేరుకు ఒక గడి పెట్టలే. తాతకున్న ఒంటి పేరే చాలామంది మనుమలకు ఇంటిపేరై కూసుంది. ఇయ్యాల వాళ్ళకు జాబితాల ఊరు దొరికినా, ఆ ఊర్ల తమ ఇల్లేదో దొరకదు.

తోక మార్చుకున్న కాలం, తోక ఎత్తిన కాలం

హైదరాబాదుల 1888ల పుట్టిన మాదరి భాగయ్య మనకు భాగ్యరెడ్డి వర్మగ ఎరుక. 1906ల జగన్మిత్రమండలి పెట్టి మనకోసం బడులు నడిపిన మహనీయుడు. రెడ్డి అనేది ఏలినోళ్ళ పేరు, ఈ నేలను మొదట ఏలింది మనమే అని ఆ పేరు పెట్టిన్రు. వర్మ ఆర్యసమాజం ఇచ్చింది. గౌరవం కోసం అప్పుడు ఇంకొకరి తోక కావలసి వచ్చింది. అది ఆయన తప్పు కాదు, ఆ కాలం అట్లుండె. అంబేద్కర్ తండ్రి ఇంటిపేరు సక్పాల్. రత్నగిరి జిల్లాల వాళ్ళ ఊరు అంబడవే. ఆ ఊరి పేరు బడి రిజిస్టరుల ఎక్కి, మారి, అంబేద్కర్ అయింది. ఒక మారుమూల ఊరు ఇయ్యాల ప్రపంచమంత పలుకుతున్నది.

1994 జులై 7న ప్రకాశం జిల్లా ఈదుమూడిల దండోర మొదలైనంక కథ తిరగబడ్డది. తిట్టుగ వాడిన మాటనే పేరు చివర ఎత్తి "మాదిగ" అని రాసుకున్నరు. పట్వారీ రాసిన మాదిగకూ మనం రాసుకున్న మాదిగకూ నడుమ ఆకాశమంత తేడా ఉన్నది. అది వాడు వేసిన ముద్ర, ఇది మనం ఎత్తిన జెండా. అయితే మేము అనేది ఒక్కటే. పేరు చివర జెండా ఉండాలె, పేరు ముందర చరిత్ర కూడ ఉండాలె. ఒకదాని కోసం ఒకటి ఇడవద్దు.

కొందరు మిత్రులు అడుగుతరు, "కులం పోవాలనేటోళ్ళు మీరే ఇంటిపేర్లు పట్టుకుంటరా? ఇది కూడ గోత్రాల పిచ్చి కాదా?" కాదు. గోత్రం రుషికాడికి తీసుకపోతది. మన ఇంటిపేరు తూము కాడికి, లంద కాడికి, ఇడిచిపెట్టిన ఊరి కాడికి తీసుకపోతది. పవిత్రత కోసం కాదు, లెక్క అడిగేటందుకు.

ఇప్పుడు చెయ్యాల్సింది

2021ల దళితబంధు కోసం ఎంచిన నాలుగు మండలాలల్ల మన తిరుమలగిరి ఒకటి. జాబితాల పేరు ఉండుడంటే ఏందో, తప్పుండుడంటే ఏందో మనకు ఎవరూ చెప్పే పనిలేదు. వచ్చే జనాభా లెక్కలల్ల కులం కూడ రాస్తమని కేంద్రం 2025ల ప్రకటించింది. వాళ్ళు రాసేదాకా ఆగొద్దు.

ప్రతి వాడల ఒక నోటుపుస్తకం పెట్టాలె. ఇంటికో వరుస. ఇంటిపేరు, పలికే తీరులనే తెలుగు అక్షరాలల్ల. ఎన్ని తరాల నుంచి ఈ ఊర్ల ఉన్నరు. ముందు ఏ ఊరు, ఎందుకు ఇడిసిన్రు. చేసిన పని. ఇదే ఇంటిపేరోళ్ళు ఇంకా ఏయే ఊర్లల్ల ఉన్నరు. దీనికి తోడు తల్లి పుట్టింటి ఇంటిపేరు తప్పకుండ రాయాలె. పెండ్లితోటి ఆడమనిషి ఇంటిపేరు మాయమైతది, దానితోటి సగం చరిత్ర మాయమైతది. ఏ ఊరి బిడ్డ ఏ ఊరికి పోయిందో మన అమ్మలకే ఎరుక.

పిల్లలను బడిల వేసేటప్పుడు ఇంటిపేరు పూర్తిగ రాయించి, రాసినంక చదివించుకొని వినుర్రి. పొడి అక్షరంతో సరిపెట్టనియ్యకుర్రి. తాత పట్టా, నాయిన కార్డు, పిల్లగాని సర్టిఫికెట్ పక్కపక్కన పెట్టి చూడుర్రి. తేడా ఉంటే పిల్లగాడు పదో తరగతికి రాకముందే దిద్దించుర్రి. చదువుకున్న యువకులు నెలకు ఒక్క ఆదివారం ఈ పనికి ఇస్తే, ఒక్క ఏడాదిల మండలం మొత్తం పటం తయారైతది.

మన పేరు ఇంతకాలం వేరేవాడు రాసిండు, వానికి నచ్చినట్టు రాసిండు. ఇగ మన చేతితో మనమే రాద్దాం.

జై భీమ్!