గల్ఫ్ ఉద్యోగం: ఇన్సూరెన్స్ కార్డు ఉన్నా వైరస్ టెస్టులో 'అన్‌ఫిట్' వస్తే ఏమవుతుంది?

గల్ఫ్‌లో ఉద్యోగం ఖాయమైంది. ఆఫర్ లెటర్ వాట్సాప్‌లో వచ్చింది. 'మెడికల్ ఇన్సూరెన్స్ కంపెనీదే' అని అందులో ఒక లైను చూసి ఇంట్లో అందరూ ధైర్యపడ్డారు. ఏజెంటుకు సగం డబ్బు కట్టేశారు. మిగతా సగం వడ్డీకి తెస్తున్నారు. ఇంతలో మెడికల్ సెంటర్ నుంచి రిపోర్టు వచ్చింది. అన్‌ఫిట్. కారణం: హెపటైటిస్-బి పాజిటివ్.

జగిత్యాల, నిజామాబాద్, సిరిసిల్ల మొదలు కడప, కోనసీమ దాకా గల్ఫ్ బాట పట్టే ఊళ్లలో ఇది కొత్త కథ కాదు. మీరు హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఉంటున్నా, ఊళ్లో ఉన్న తమ్ముడో బావమరిదో ఇలాంటి రిపోర్టు ఫొటో తీసి 'ఇదేంటో కాస్త చూడు' అని మీకు పంపే రోజు రావచ్చు.

చాలామంది పొరబడేది ఇక్కడే. ఇన్సూరెన్స్, మెడికల్ టెస్టు రెండూ ఆరోగ్యానికి సంబంధించినవే కాబట్టి ఒకటి ఉంటే రెండోదాని గురించి భయం లేదనుకుంటారు. నిజానికి ఈ రెండింటికీ సంబంధం లేదు. ఆసుపత్రి బిల్లు ఎవరు కట్టాలో ఇన్సూరెన్స్ చూస్తుంది. మీరు ఆ దేశంలో ఉండొచ్చో లేదో టెస్టు తేలుస్తుంది. టెస్టులో తప్పితే వీసా ఉండదు. వీసా లేకపోతే ఇన్సూరెన్స్ కూడా ఉండదు.

ఏ టెస్టులు చేస్తారు?

వైరస్ టెస్టు అనగానే మనకు కరోనా గుర్తొస్తుంది. ప్రయాణికులకు పెట్టిన ఆ పరీక్షలు వచ్చాయి, పోయాయి. గల్ఫ్‌లో నివాస వీసాకు చేసే పరీక్షలు మాత్రం అంతకు చాలా ముందునుంచీ ఉన్నాయి, ఇప్పటికీ ఉన్నాయి.

మన దగ్గర చాలామంది 'గామ్కా మెడికల్' అని పిలిచేదే ఇప్పుడు 'వాఫిద్' పేరుతో నడుస్తోంది. గల్ఫ్ హెల్త్ కౌన్సిల్ గుర్తించిన సెంటర్లలో, ఆన్‌లైన్‌లో స్లిప్ తీసుకుని ఈ పరీక్ష చేయించుకోవాలి. ఏ దేశానికి, ఏ వీసాకు ఇది తప్పనిసరో ముందే కనుక్కోండి.

ఇందులో హెచ్‌ఐవీ, హెపటైటిస్-బి, హెపటైటిస్-సి పరీక్షలు ఉంటాయి. ఏది పాజిటివ్ వచ్చినా అన్‌ఫిట్టే. ఛాతీ ఎక్స్‌రే కూడా తీస్తారు. ఎప్పుడో టీబీ వచ్చి, మందులు వాడి, పూర్తిగా తగ్గిపోయినా ఊపిరితిత్తుల మీద మచ్చ మిగిలితే చిక్కు వస్తుంది. అదుపులో లేని బీపీ, షుగర్ కూడా అన్‌ఫిట్ జాబితాలో ఉన్నాయి.

ఖతార్ పద్ధతి వేరు. హైదరాబాద్‌తో సహా మన దేశంలోని కొన్ని నగరాల్లో ఖతార్ వీసా సెంటర్లు ఉన్నాయి. వేలిముద్రలు, మెడికల్ టెస్టు, ఉద్యోగ ఒప్పందం మీద సంతకం అన్నీ అక్కడే పూర్తవుతాయి.

ఉద్యోగాన్ని బట్టి రూల్ మారుతుందా?

యూఏఈలో మారుతుంది. అక్కడ నివాస వీసా తీసుకునే 18 ఏళ్లు నిండిన వారందరికీ హెచ్‌ఐవీ, టీబీ పరీక్షలు చేస్తారు. హెపటైటిస్-బి, సిఫిలిస్ పరీక్షలు మాత్రం కొన్ని పనులవారికే. ఇంటి పనివారు, ఆయాలు, డ్రైవర్లు, హోటళ్లు, కెఫేల్లో ఆహారం ముట్టుకునే పని చేసేవారు, సెలూన్లు, బ్యూటీ సెంటర్లు, హెల్త్ క్లబ్‌లు, నర్సరీల్లో పనిచేసేవారు ఈ జాబితాలోకి వస్తారు.

అంటే హెపటైటిస్-బి ఉన్న వ్యక్తి దుబాయ్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగానికి వెళ్తే ఆ పరీక్షే ఎదురు కాకపోవచ్చు. అదే వ్యక్తి వంటమనిషిగా వెళ్తే వీసా ఆగిపోతుంది. వైరస్ ఒక్కటే అయినా చేసే పనిని బట్టి ఫలితం మారిపోతోంది.

ఇక్కడ ఫిట్ అయితే చాలా?

చాలదు. మామూలుగా దిగిన తర్వాత అక్కడి ప్రభుత్వ కేంద్రంలో మళ్లీ రక్తం తీసుకుంటారు. ఇఖామా లేదా రెసిడెన్సీ చేతికొచ్చేది ఆ తర్వాతే. 'ఇక్కడ అన్‌ఫిట్ వస్తే ఇంకో సెంటర్‌లో ఫిట్ చేయిస్తా' అనే ఏజెంటు మాట నమ్మకూడదనేది ఇందుకే. ఇక్కడ ఎలాగో గట్టెక్కినా అక్కడ దొరికిపోతారు. అప్పటికి ఏజెంటు ఫీజు, టికెట్ డబ్బులు అన్నీ ఖర్చయిపోయి ఉంటాయి.

యూఏఈలో వీసా రెన్యువల్ అప్పుడు కూడా టెస్టు ఉంటుంది. హెచ్‌ఐవీ బయటపడిన విదేశీయులను వెనక్కి పంపించేస్తారు. టీబీ విషయంలో మాత్రం 2016లో కొంత వెసులుబాటు ఇచ్చారు. అప్పటికే అక్కడ నివసిస్తున్నవారికి రెన్యువల్ సమయంలో టీబీ ఉన్నట్టు తేలితే, చికిత్స తీసుకోవాలనే షరతుతో ఏడాది వీసా ఇస్తారు.

ఇన్సూరెన్స్ డబ్బు ఎవరు కట్టాలి?

ఉద్యోగికైతే కంపెనీ కట్టాలి. దేశాన్ని బట్టి వివరాలు ఇలా ఉన్నాయి.

అబుదాబిలో 2006 నుంచే ఇన్సూరెన్స్ తప్పనిసరి. దుబాయ్‌లో 2013 నాటి 11వ నంబరు చట్టంతో దశలవారీగా అమల్లోకి వచ్చింది. దుబాయ్‌లో ఉద్యోగి ప్రీమియాన్ని యజమానే కట్టాలి, దాన్ని జీతంలో కోయకూడదు. భార్యాపిల్లలను తీసుకెళ్తే వారి పాలసీ బాధ్యత స్పాన్సర్‌ది, అంటే మామూలుగా మీదే.

షార్జా, అజ్మాన్, ఉమ్ అల్ క్వైన్, రస్ అల్ ఖైమా, ఫుజైరాల్లో ప్రైవేటు ఉద్యోగులకు, ఇంటి పనివారికి 2025 జనవరి 1 నుంచి ఇది తప్పనిసరి అయింది. పాలసీ లేకపోతే వీసా ఇవ్వరు, రెన్యువల్ చేయరు. బేసిక్ ప్యాకేజీ ఏడాదికి 320 దిర్హామ్‌ల నుంచి మొదలైంది.

సౌదీలో 1999 నాటి చట్టం ప్రకారం ప్రైవేటు కంపెనీ తన ఉద్యోగికి, అతని మీద ఆధారపడిన కుటుంబానికి ఇన్సూరెన్స్ ఇవ్వాలి. దాన్ని ఇఖామాతో ముడిపెట్టారు. ఇళ్లలో పనిచేసేవారి సంగతి వేరు. నలుగురి కంటే ఎక్కువ మంది పనివారు ఉన్న యజమానికి 2024 జులై 1 నుంచి ఇన్సూరెన్స్ తప్పనిసరి చేశారు. ఒక్కరో ఇద్దరో పనిచేసే ఇళ్లకు ఆ నిబంధన వర్తించలేదు. ఇంటి పనికి, ఇంటి డ్రైవర్‌గా వెళ్లేవారు ఒప్పందంలో ఈ లైను ఉందో లేదో ప్రత్యేకంగా అడగాలి.

కార్డు ఉంటే అంతా ఉచితమేనా?

కాదు. 'కో-పే' పేరుతో మీ వాటా ఉంటుంది. షార్జా తదితర ఎమిరేట్ల బేసిక్ ప్యాకేజీనే తీసుకుందాం. ఆసుపత్రిలో చేరితే బిల్లులో 20 శాతం మీది. అయితే ఒకసారికి 500 దిర్హామ్‌లు, ఏడాదికి 1,000 దిర్హామ్‌లు దాటదు. అంటే 10,000 దిర్హామ్‌ల బిల్లు వస్తే లెక్క ప్రకారం మీ వాటా 2,000 కావాలి, కానీ మీరు కట్టేది 500. ఓపీ చికిత్సకు 25 శాతం, గరిష్ఠంగా 100 దిర్హామ్‌లు. మందులకు 30 శాతం మీరు పెట్టుకోవాలి, పైగా ఏడాదికి 1,500 దిర్హామ్‌ల పరిమితి ఉంటుంది. షుగర్, బీపీ మాత్రలు రోజూ వాడేవారు ఈ చివరి అంకెను గుర్తుపెట్టుకోవాలి.

దుబాయ్‌లో 4,000 దిర్హామ్‌లు, అంతకంటే తక్కువ జీతం ఉన్నవారి కోసం తెచ్చిన బేసిక్ ప్లాన్‌లో ఏడాదికి 1,50,000 దిర్హామ్‌ల వరకు కవరేజీ పెట్టారు. ముందునుంచే ఉన్న జబ్బులకు, మొదటిసారి పాలసీ తీసుకునేవారికి ఆరు నెలల వెయిటింగ్ పీరియడ్ ఉంటుంది.

మినహాయింపుల జాబితా కూడా చదవండి. కొన్ని బేసిక్ పాలసీల్లో వైరల్ హెపటైటిస్ చికిత్స ఆ జాబితాలోనే కనిపిస్తుంది. ఏ వైరస్ కారణంగా వీసా పోవచ్చో, దాని చికిత్సకే పాలసీ డబ్బులు ఇవ్వకపోవచ్చు.

కార్డు ఎప్పుడు పనిచేయదు?

ఇది వీసాతో ముడిపడిన కార్డు. ఉద్యోగం మానేసి వీసా రద్దయితే కార్డు కూడా పోతుంది. స్పాన్సర్‌ను వదిలి బయట పనిచేసేవారిని మన గల్ఫ్ కార్మికులు 'ఖల్లివెల్లి' అంటారు. వీరికి ఉద్యోగి ఇన్సూరెన్స్ రక్షణ ఉండదు. గుండెపోటు వచ్చినా, రోడ్డు ప్రమాదం జరిగినా బిల్లు వారి నెత్తిమీదే. విజిట్ వీసా మీద వెళ్లి పని వెతుక్కునేవారిది కూడా దాదాపు ఇదే పరిస్థితి. విజిటర్ పాలసీ ఉన్నా అది ఉద్యోగి పాలసీతో సమానం కాదు.

వెనక్కి పంపేస్తే మన వైపు నుంచి ఏముంది?

చాలామందికి తెలియకుండా చేతిలో ఉండే పాలసీ ఒకటుంది. ప్రవాసీ భారతీయ బీమా యోజన. పదో తరగతి పాస్ కానివారి పాస్‌పోర్టు ఈసీఆర్ కోవలోకి వస్తుంది. అలాంటివారు గల్ఫ్‌కు పనికి వెళ్లాలంటే ఈ-మైగ్రేట్ ద్వారా అనుమతి తీసుకోవాలి, ఆ సమయంలోనే ఈ పాలసీ తప్పనిసరి. జీఎస్టీ కాకుండా రెండేళ్లకు రూ.275, మూడేళ్లకు రూ.375 ప్రీమియం.

ప్రమాదంలో చనిపోయినా, శాశ్వత వైకల్యం వచ్చినా రూ.10 లక్షలు వస్తాయన్నది ఎక్కువగా ప్రచారంలో ఉంది. ఇందులోనే ఇంకో అంశం ఉంది. పాలసీ తీసుకున్న మొదటి 12 నెలల్లో పనికి మెడికల్‌గా అన్‌ఫిట్ అని తేల్చి యజమాని ఒప్పందం రద్దు చేస్తే, తిరుగు ప్రయాణానికి ఎకానమీ టికెట్ ఖర్చు ఇస్తారు. ఏజెంటుకు కట్టిన డబ్బు రాదు, పోయిన జీతం రాదు. కానీ టికెట్ కోసం మళ్లీ అప్పు చేయాల్సిన పని తప్పుతుంది. క్లెయిమ్ కావాలంటే అన్‌ఫిట్ రిపోర్టు, ఒప్పందం రద్దు పత్రం, బోర్డింగ్ పాస్ పారేయకూడదు.

పదో తరగతి పాసైనవారికి ఈ అనుమతి అక్కర్లేదు, అందువల్ల పాలసీ కూడా దానంతట అది రాదు. విజిట్ వీసా మీద వెళ్లేవారికీ అంతే. మరీ కష్టంలో ఉన్నవారికి భారత ఎంబసీల్లో ఇండియన్ కమ్యూనిటీ వెల్ఫేర్ ఫండ్ ఉంది. ఫిర్యాదు 'మదద్' పోర్టల్‌లో పెట్టొచ్చు.

అన్‌ఫిట్ అంటే జీవితం అయిపోయినట్టా?

కానే కాదు. హెపటైటిస్-బి, సి, హెచ్‌ఐవీ కలిసి తిన్నంత మాత్రాన, ఒకే గదిలో పడుకున్నంత మాత్రాన అంటుకోవు. ఉద్యోగం చేయడానికి హెచ్‌ఐవీ అడ్డు అనే వాదనను ఐక్యరాజ్యసమితి ఎయిడ్స్ విభాగం ఎన్నో ఏళ్లుగా వ్యతిరేకిస్తోంది. హెచ్‌ఐవీ పేరుతో ఏదో ఒక రకం ప్రయాణ, నివాస ఆంక్షలు 48 దేశాలు, ప్రాంతాల్లో ఉన్నాయని 2019లో చెప్పింది. అమెరికా తన నిషేధాన్ని 2010లో ఎత్తేసింది. గల్ఫ్ దేశాలు మాత్రం ఎత్తలేదు.

మన దేశంలో 2018 జులై 28న మొదలైన జాతీయ వైరల్ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమం కింద హెపటైటిస్-బి, సిలకు పరీక్షలు, మందులు ఉచితం. హెపటైటిస్-సి చాలామందిలో 12 వారాల మాత్రలతో నయమవుతుంది. అయితే ఒక చిక్కుంది. వైరస్ పోయినా యాంటీబాడీలు రక్తంలో ఉండిపోతాయి, కాబట్టి యాంటీబాడీ టెస్టు పాజిటివ్ చూపిస్తూనే ఉండొచ్చు. హెచ్‌ఐవీకి ప్రభుత్వ కేంద్రాల్లో పరీక్ష, ఏఆర్‌టీ మందులు ఉచితం. ఫలితాన్ని రహస్యంగా ఉంచాలని 2017 నాటి చట్టం చెబుతోంది. రిపోర్టు నేరుగా ఏజెంటు చేతికి వెళ్లి, ఊరంతా తెలిసిపోయే పరిస్థితి రానివ్వకండి.

వెళ్లేముందు ఏ వరుసలో చేయాలి?

1. డబ్బు కట్టకముందే సొంతంగా టెస్టు చేయించుకోండి. హెచ్‌బీఎస్‌ఏజీ, యాంటీ హెచ్‌సీవీ, హెచ్‌ఐవీ, ఛాతీ ఎక్స్‌రే. అప్పు తెచ్చేది ఆ తర్వాతే.

2. హెపటైటిస్-బి టీకా వేయించుకుంటే వెంటనే రక్త పరీక్షకు వెళ్లకండి. టీకా వేసిన తర్వాత దాదాపు మూడు వారాల వరకు హెచ్‌బీఎస్‌ఏజీ టెస్టు తాత్కాలికంగా పాజిటివ్ చూపే అవకాశం ఉంది.

3. లైసెన్స్ ఉన్న ఏజెంటేనా అని ఈ-మైగ్రేట్‌లో చూడండి. నిబంధనల ప్రకారం ఫీజు గరిష్ఠంగా రూ.30,000, దాని మీద జీఎస్టీ. అన్‌ఫిట్ అయితే ఎంత తిరిగిస్తారో కాగితం మీద రాయించుకోండి.

4. ఒప్పందంలో ఇన్సూరెన్స్ ఎవరు కడతారు, కుటుంబానికి వర్తిస్తుందా, ఏ ఎమిరేట్ లేదా ఏ దేశపు ప్లాన్ అనేది అడగండి.

5. దిగాక కార్డు చేతికి రాగానే నెట్‌వర్క్ ఆసుపత్రుల జాబితా, కో-పే, మినహాయింపులు ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకోండి. ఒక కాపీ ఇంటికి పంపండి.

ఈ అయిదింటిలో ఒక్కటే గుర్తుంటుందనుకుంటే మొదటిది గుర్తుపెట్టుకోండి. రేపు ఊరి నుంచి ఫోన్ వచ్చి 'వీసా వచ్చింది, డబ్బు సర్దవా' అని అడిగితే, ఎంత కావాలని అడిగే ముందు 'టెస్టు చేయించావా' అని అడగండి.