చక్రం తేలికైతే రేసు మనదేనా?

పోయిన దసరా తర్వాత కొత్తగూడెం నుంచి ఓ తమ్ముడు ఫోన్ చేశాడు. "అన్నా, కార్బన్ వీల్స్ చూసిన. జత 1,350 గ్రాములే. 85 వేలు. తీస్కోమంటవా?"

డబ్బులెక్కడివిరా అంటే, వాళ్ల నాన్నకి సింగరేణిలో లాభాల వాటా వచ్చిందట. ఆ పెద్దాయన ఫొటో చూసి ఒకటే అడిగాడట: "రెండు చక్రాలకే ఇంతా? ఇంజను ఏదిరా?"

నవ్వొచ్చింది కానీ, ఆ ప్రశ్నలోనే అసలు విషయం ఉంది. ఇంజను మనమే. మరి ఆ ఇంజనుకి 85 వేల చక్రాలు ఎంత సాయం చేస్తాయి? లెక్కేద్దాం.

తమ్ముడి పాత అల్యూమినియం వీల్స్ 1,850 గ్రాములు. అంటే తగ్గేది అర కిలో. మనిషి, సైకిల్, నీళ్ల బాటిళ్లు అన్నీ కలిపితే 72 కిలోలు. అందులో అర కిలో అంటే 0.7 శాతం. చింతూరు నుంచి మారేడుమిల్లి వైపు ఘాట్‌లో అరగంట నిటారుగా ఎక్కాడనుకోండి. మిగిలేది మహా అయితే 12 సెకన్లు!

"తిరిగే బరువు వేరు కదన్నా" అన్నాడు. నిజమే. రిమ్ము అంచున ఉన్న ఒక గ్రాము, స్పీడు పెంచేటప్పుడు దాదాపు రెండు గ్రాముల లెక్క. మూల తిరిగి ఒక్కసారిగా లాగినప్పుడు ఆ తేడా కాళ్లకి తెలుస్తుంది. కానీ స్పీడు కుదురుకున్నాక ఆ లాభం పోతుంది. అప్పుడు మన అసలు శత్రువు గాలి.

గంటకి 30 కిలోమీటర్లు దాటాక మనం పెట్టే బలంలో ఎక్కువ భాగం గాలిని నెట్టడానికే పోతుంది. స్పీడు రెట్టింపైతే గాలి అడ్డు నాలుగు రెట్లు. కొత్తగూడెం నుంచి పాల్వంచ మీదుగా భద్రాచలం దాకా దాదాపు 40 కిలోమీటర్లు. ఆ రోడ్డులో పెద్ద ఎక్కుళ్లు ఎక్కడున్నాయి? ఇలాంటి చోట 30 మిల్లీమీటర్ల లోతున్న 1,250 గ్రాముల వీల్ కంటే, 45 మిల్లీమీటర్ల లోతున్న 1,450 గ్రాముల వీలే ముందుంటుంది. ప్రొఫెషనల్ రేసుల్లో సైకిల్ 6.8 కిలోలకి తగ్గకూడదని యూసీఐ రూలు 2000 నుంచీ ఉంది. అందుకే అక్కడి టీములు గ్రాముల కంటే గాలి మీద ఎక్కువ బుర్ర పెడతాయి.

అలాగని 60 మిల్లీమీటర్ల లోతుకి వెళ్లకండి. బొగ్గు లారీ పక్కనుంచి దూసుకెళ్లినప్పుడు, గోదావరి బ్రిడ్జి మీద పక్కగాలి కొట్టినప్పుడు ముందు చక్రం తెరచాపలా లాగేస్తుంది. 60 కిలోల మనిషికి ముందు 45 చాలు.

ఇక కొనేముందు చూడాల్సినవి.

ముందు బ్రేకు. మీది రిమ్ బ్రేక్ సైకిల్ అయితే ఘాట్ దిగేటప్పుడు జాగ్రత్త. బ్రేకు అదే పనిగా పట్టి ఉంచితే వేడెక్కి కార్బన్‌లోని రెజిన్ మెత్తబడి, రిమ్ము పాడయ్యే ప్రమాదం ఉంది. డిస్క్ బ్రేక్‌కి ఆ భయం లేదు.

రెండోది హుక్. కొన్ని రిమ్ముల అంచుకి టైరుని పట్టుకునే వంకీ ఉండదు. వాటిని హుక్‌లెస్ అంటారు. వీటికి 72.5 పీఎస్‌ఐ మించి గాలి పట్టకూడదు, కంపెనీ ఒప్పుకున్న టైర్లే వేయాలి. 2024 ఫిబ్రవరిలో యూఏఈ టూర్‌లో థామస్ డె గెంట్ కిందపడ్డాడు. హుక్‌లెస్ రిమ్ము నుంచి టైరు ఊడిపోయింది. వీటి భద్రత మీద పెద్ద చర్చే నడిచింది. "వంద కొట్టు అన్నా" అనే అలవాటున్న మనకి హుక్ ఉన్న రిమ్మే మేలు.

మూడోది రిపేరు. స్పోక్ నిపిల్ రిమ్ము లోపల దాగి ఉంటే, చిన్న వంకర తీయడానికీ టైరు ఊడదీయాలి. బయటికి కనిపించే నిపిల్ ఉన్నవి తీసుకుంటే మన ఊరి మెకానిక్ కూడా సరిచేస్తాడు. స్పేర్ స్పోకులు నాలుగు ముందే అడిగి పెట్టుకోండి. రైడర్ బరువు లిమిట్, యాక్సిల్ సైజు, మీ గేర్లకి హబ్ సరిపోతుందా అన్నవీ చూసుకోండి.

నాలుగోది సెకండ్ హ్యాండ్. అల్యూమినియం దెబ్బతింటే సొట్ట కనిపిస్తుంది. కార్బన్ లోపల పొరలు విడిపోయినా పైకి కొత్తదానిలా మెరుస్తూ ఉండొచ్చు. బిల్లు, సీరియల్ నంబరు లేకుండా సగం ధరకి వస్తోందంటే వదిలేయండి. పోయేది డబ్బే కాదు, 50 స్పీడులో పళ్లు కూడా!

తమ్ముడికి చివరికి ఏం చెప్పానంటే: ముందు మంచి 28 సైజు టైర్లు, టీపీయూ ట్యూబులు వెయ్. మామూలు ట్యూబు వంద గ్రాములు దాటితే ఇది 40 లోపే. మన గరుకు తారు మీద గాలి కొంచెం తగ్గించి తొక్కు. మొత్తం పది, పన్నెండు వేలల్లో అయిపోతుంది. గుంపులో ముందువాడి వెనకాల దాక్కోవడం నేర్చుకో. దాంతో దాదాపు 30 శాతం కష్టం తగ్గుతుంది, అదీ ఫ్రీగా. ఒక సీజన్ రేసులు తొక్కు. చివరి ఐదు కిలోమీటర్ల దాకా ముందు గుంపులో ఉండి, అక్కడ కొద్దిలో ఓడిపోతున్నావంటే, అప్పుడు కొను. అప్పుడా చక్రాలకి అర్థం ఉంటుంది.

కాసేపు మాట్లాడలేదు. తర్వాత "నాన్నకి నువ్వే చెప్పన్నా" అన్నాడు.

చెప్పాను. పెద్దాయన అంతా విని, "మిగిలిన పైసలు వాడి పేరు మీదనే బ్యాంకుల ఏస్త. గెలిచే టైమొస్తే తీస్కుంటడు" అన్నాడు.

ఇప్పుడు తమ్ముడు తెల్లారుజామున ఐదింటికే పాల్వంచ రోడ్డు మీద ఉంటున్నాడు. చక్రాలు పాతవే. ఇంజను మాత్రం రోజూ సర్వీసింగ్ అవుతోంది.