ఉక్కపోతలోనూ మంచు ముప్పు

మంచు అంటే హిమాలయాల సంగతే అనుకుంటాం. బళ్లారి, కోలారు, హొసూరు తెలుగు కుటుంబాలకు దానితో పనేముంది అనిపిస్తుంది. కానీ పైలట్ అవుతానని పిల్లలు పట్టుబడుతున్న ఇళ్లలో ఈ సంగతి తెలుసుకోక తప్పదు. శిక్షణ విమానం ఇంజిన్‌లో మంచు పేరుకోవడానికి చలికాలమే రానక్కర్లేదు.

కుండలో నీళ్లు ఎందుకు చల్లబడతాయి? సూది వేసే ముందు స్పిరిట్ రాస్తే చర్మం ఎందుకు జివ్వుమంటుంది? కార్బురేటర్‌లోనూ జరిగేది అదే. పెట్రోలు ఆవిరవుతూ వేడిని లాగేస్తుంది. ఇరుకు దారిలో దూసుకుపోయే గాలి పీడనం తగ్గి మరింత చల్లబడుతుంది. రెండూ కలిస్తే ఉష్ణోగ్రత 20 నుంచి 30 డిగ్రీల సెల్సియస్ దాకా పడిపోవచ్చు. బయట 20 డిగ్రీలున్నా లోపల సున్నాకు దిగువన్నమాట. గాలిలోని తేమ అక్కడే గడ్డకట్టి ఇంజిన్ గొంతు నొక్కేస్తుంది. బెంగళూరు జక్కూరు మైదానం మీద వానాకాలపు ఉదయం వీచే చల్లటి తేమగాలి ఇందుకు సరిగ్గా సరిపోతుంది.

ఈ ముప్పు చెప్పి రాదు. సెస్నా 152 వంటి విమానాల్లో ముందుగా ఆర్‌పీఎం మెల్లగా తగ్గుతుంది. కొత్త విద్యార్థి థ్రాటిల్ కాస్త ముందుకు నెట్టి సరిపెట్టుకుంటాడు. రోగం అలా దాగిపోతుంది. థ్రాటిల్ మూసి కిందికి దిగేటప్పుడు ప్రమాదం మరీ ఎక్కువ. తీరా నేల దగ్గరపడ్డాక పవర్ కావాలంటే రాదు.

మందు కాక్‌పిట్‌లోనే ఉంది. కార్బ్ హీట్ మీట లాగితే ఎగ్జాస్ట్ దగ్గర వేడెక్కిన గాలి లోపలికి వస్తుంది. అయితే లాగగానే ఆర్‌పీఎం ఇంకా తగ్గుతుంది. కరిగిన నీళ్లు పోతుంటే ఇంజిన్ గరగరమంటుంది. ఇక్కడే బెదిరి మీట వెనక్కి నెట్టేస్తే అసలుకే మోసం. పూర్తిగా లాగి, ఇంజిన్ కోలుకునేదాకా ఓపిక పట్టాలి. థ్రాటిల్ మూయకముందే హీట్ ఇవ్వడం చేతికి అలవాటు కావాలి.

కమర్షియల్ లైసెన్సుకు 200 గంటలు ఎగరాలి. అందుకోసం పొలాలు తాకట్టు పెట్టేవాళ్లూ ఉన్నారు. ఫీజు అడిగినట్టే ఇంకో రెండు మాటలూ అడగాలి: విమానాల్లో కార్బురేటరా, ఫ్యూయల్ ఇంజెక్షనా? కార్బురేటరైతే ఈ పాఠం గాలిలో చేయించి చూపిస్తారా? 1990ల చివర నుంచి వచ్చిన సెస్నా 172లు ఇంజెక్షన్‌వే గనుక వాటికి ఈ బెడద లేదు. వాటి మీద నేర్చుకున్న కుర్రాడు పాత విమానం ఎక్కేటప్పుడే మరింత జాగ్రత్త కావాలి. శిక్షణ సంస్థలు కూడా దీన్ని పరీక్షలో ఒక ప్రశ్నగా వదిలేయకూడదు.

ప్రమాదం జరిగాక విచారణకు వచ్చేవాళ్లకు ఆ మంచు కనిపించదు, అప్పటికే కరిగిపోయి ఉంటుంది. అందుకే జాగ్రత్తంతా ముందే పడాలి.