వాటా లేని భాగస్వాములు

మధ్యతరగతి పెరిగిపోతోందని రాసేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. బండీ, ఫ్రిజ్జూ ఉంటే మధ్యతరగతేనా? అవి వాయిదాల మీద వచ్చినవి. ఆ అప్పు కాగితాల మీద సంతకాలు పెట్టే ఆఫీసర్ని నేను. నా లెక్కలో మధ్యతరగతి అంటే నెలనెలా జీతం, జబ్బు చేస్తే సెలవు, చివర్న పెన్షను. అది ఏటేటా కుంచించుకుపోతోంది.

బీకాం చదివి, బి.యస్.ఆర్.బి. పరీక్ష రాసి 1993లో బరంపురంలో గుమాస్తాగా చేరాను. 1969లో 14 బ్యాంకుల్ని జాతీయం చేయబట్టి మాబోటి నేతవాళ్ల పిల్లలకు ఆ కుర్చీ దక్కింది. ఇవాళ అలాంటి కౌంటర్ల వెనక అప్రెంటిస్‌లు కూర్చుంటున్నారు. పేరుకు శిక్షణ, చేసేది మా పనే. ఏడాది తిరిగేసరికి దణ్ణం. పల్లెల్లో కమీషన్ మీద బతికే బ్యాంకు మిత్రలు. గేటు దగ్గర కంట్రాక్టరు పంపిన గార్డు. పర్మినెంటు వాళ్లలోనూ 2010 ఏప్రిల్ 1 నుంచి చేరినవాళ్లకు మా పెన్షను లేదు, వాళ్ల ముసలితనం మార్కెట్టు దయ.

డెలివరీ పనులు బోలెడున్నాయిగా అంటారు. ఉన్నాయి. ఇలాంటి పనివాళ్లు 2020–21లో 77 లక్షలని, 2029–30కి 2 కోట్ల 35 లక్షలవుతారని నీతి ఆయోగ్ 2022లో అంచనా వేసింది. వాళ్లలో ఒకడు ఇంటి అప్పుకొస్తే నేనడిగేది జీతం చీటీ. అదెక్కడిది? అతను ఉద్యోగి కాదట, 'పార్ట్‌నర్' అట! లాభంలో వాటా లేని భాగస్వామి నేను చదివిన కామర్సులో ఎక్కడా లేడు.

ఇక మన సంగతి. మా తరంలో ఇక్కడి తెలుగు సంఘాలకు చందాలు కట్టింది రైల్వే, బ్యాంకు, బడి జీతగాళ్లే. చీకటి పడేవేళకు ఇంటికి చేరే ఉద్యోగాలు గనకనే నాటకాల రిహార్సళ్లకు వెళ్లాం, ఇలాంటి పత్రికలు చదివాం. పన్నెండు గంటలు బండి మీద తిరిగే కుర్రాడు ఏ సంఘానికి కార్యదర్శి అవుతాడు? పిల్లలకు భాషాభిమానం లేదని సభల్లో తిట్టే పెద్దలు ముందు వాళ్ల పనిగంటలు అడగాలి.

మా యూనియన్లనూ వదలను. 2024 మార్చి ఒప్పందంలో 17 శాతం పెంపు సాధించారు. సంతోషం, నేనూ అందుకున్నాను. పక్క కుర్చీలోని అప్రెంటిస్‌కు అందులో పైసా లేదు. డిమాండ్ల చిట్టాలో కొత్త నియామకాలూ ఉంటాయి, కానీ చర్చల బల్ల మీద ముందుగా జారిపోయేది ఆ అంశమే. ఈసారి దాన్ని మొదటి వరసలో రాయండి, అప్పుడు రండి చందాకు.