గదిలో మొలచిన అడవి

తెలుగు చదువరికి అడవి యనగానే ఇల్లు విడిచి పోవలసిన చోటు స్ఫురించును. రాముడు దండకకు పోయెను. పాండవులు పండ్రెండేండ్లు వనములలో తిరిగిరి. వారి వెంట నన్నయ కొంతదూరము నడువగా, మిగిలిన అరణ్యపర్వమును ఎఱ్ఱన నడిచి ముగించెను. పాశ్చాత్యుల కథలలోను అంతే. గ్రిమ్ సోదరులు 1812లో ప్రకటించిన సంపుటములో హాన్సెల్, గ్రెటెల్ అను పిల్లలను తల్లిదండ్రులే అడవిలో విడిచి వత్తురు. కాని అమెరికా చిత్రకారుడు మారిస్ సెండాక్ 1963లో వెలువరించిన 'వేర్ ది వైల్డ్ థింగ్స్ ఆర్' అను బొమ్మల పుస్తకములో అడవియే పిల్లవాని పడకగదిలోనికి వచ్చును. పుస్తకము విలువ యంతయు ఈ చిన్న మార్పులోనే యున్నది. దానిని తరగతిలో చూపదలచిన ఉపాధ్యాయుడు మొదట గమనింపవలసినదియు ఇదియే.

కథ మిక్కిలి చిన్నది. ఆంగ్లమూలమున 338 మాటలు మాత్రమే. మాక్స్ అను బాలుడు తోడేలు వేషము వేసికొని, గోడకు మేకు కొట్టి, ఫోర్కు చేతబట్టి కుక్కను తరుమును. తల్లి కోపించి వానిని అడవిజీవి యనును. వాడు ఆమెనే తినివేసెదననును. రాత్రి భోజనము పెట్టక ఆమె వానిని గదికి పంపును. అప్పుడు మంచపుకోళ్లు చెట్లగును, పైకప్పునుండి తీగలు వ్రేలాడును, గోడలు మాయమగును. పిదప సముద్రము, పడవ, వింతజీవులున్న చోటు. వాని పచ్చని కన్నులలోనికి ఱెప్పవేయక చూచి మాక్స్ వానికి రాజగును. కొంతసేపటికి ఇల్లు మనసున మెదలి మరలివచ్చును. గదిలో భోజనము సిద్ధముగా నుండును.

మాటలు విడిచినదానిని బొమ్మలు చెప్పును. మొదటి బొమ్మ తెల్లని పుట నడుమ చిన్నదిగా ఇమిడియుండును. పుట తిప్పినకొలది అది పెరుగును. అడవి పూర్తిగా మొలచునప్పటికి తెల్లని అంచు మిగులదు. మాక్స్ రాజైన పిదప జరుగు కోలాహలము మూడు జంటపుటలను నిండ ఆక్రమించును. అక్కడ ఒక్క అక్షరమైన లేదు. ఇంకొక ముచ్చట. కథారంభముననే, ఇంటిగోడమీద ఒక వింతజీవి బొమ్మ వ్రేలాడుచుండును. దానిని గీసినవాడు మాక్సే. ఆ జీవులు ఎక్కడినుండియో వచ్చినవి కావు. వాని చేతి గీతలలో ముందే యున్నవి.

సెండాక్ (1928–2012) న్యూయార్కులోని బ్రూక్లిన్‌లో, పోలండునుండి వలసవచ్చిన యూదు దంపతులకు పుట్టినవాడు. మొదట గుఱ్ఱముల కథ వ్రాయబూని, వానిని గీయుట చేతగాక ఈ జీవులవైపు మరలినట్లు ఆయనయే చెప్పుకొనెను. చిన్ననాడు ఆదివారములందు ఇంటికి వచ్చి, బుగ్గలు గిల్లి, నిన్ను తినివేయవలెననిపించుచున్నదని ముద్దుచేసిన బంధువులే వాని రూపములకు మూలమట. 'కొరుక్కు తింటాను' అని మనుమని బుగ్గ పుణికెడు తెలుగింటి అమ్మమ్మను ఎఱిగినవారికి ఇది వింతగా తోచదు. మాక్స్ వెడలిపోవునప్పుడు ఆ జీవులు ప్రేమచేతనే వానిని తినివేసెదమనును. కోపములో తల్లితో వాడన్న మాట ప్రేమమాటయై వానికి తిరిగివచ్చును.

తెనిగింపబూనువారికి ఇక్కడ ఒక చిక్కు కలదు. మూలములోని 'థింగ్' అను మాట మృగమును చెప్పదు, భూతమును చెప్పదు. 'రాక్షసులు' అన్నచో పురాణవాసన చుట్టుకొనును. రాక్షసుడు కనబడిన వెంటనే తెలుగుబాలుడు వధకై ఎదురుచూచును. ఈ కథలో వధ లేదు.

1964లో కాల్డికాట్ పతకము లభించినను పెద్దల శంకలు తీరలేదు. 1969లో బ్రూనో బెట్టెల్‌హైమ్ అను మనశ్శాస్త్రవేత్త, పుస్తకమును స్వయముగా చూడకయే, తల్లి తిండి పెట్టక పంపుట బిడ్డకు దిక్కులేనితనపు భయమును కలిగించునని ఒక మహిళాపత్రికలో ఆక్షేపించెను. ఆయనయే 1976లో, మాయకథలలోని భయములు పిల్లల మనస్సునకు మేలుచేయునని పెద్ద గ్రంథము వ్రాసెను! చూడని పుస్తకముపై తీర్పు చెప్పుట పండితులకును తప్పని బలహీనత కాబోలు. అయినను ఆ ఆక్షేపణలో త్రోసివేయరాని అంశమొకటి యున్నది. రాత్రి అన్నములేక పండుకొనుట శిక్షగా గాక నిత్యకృత్యముగా ఎఱిగిన బిడ్డ తరగతిలో ఉండవచ్చును. వాని కన్నులకు బల్లమీది గిన్నె వేరుగా కనబడును. అందుకొరకు పుస్తకమును దాచనక్కఱలేదు. కాని ఆ పుటవద్ద 'మీలో ఎవరైన అన్నము తినక నిద్రపోయినారా?' అని మాత్రము అడుగరాదు.

అంతకంటె పెద్ద ప్రమాదము నీతివలన వచ్చును. కథ ముగియగానే 'దీనివలన ఏమి నేర్చుకొంటిమి?' అని ప్రశ్నించుట తెలుగు బడులలో పాతుకొనిన అలవాటు. 'అమ్మ మాట వినవలెను' అని పిల్లలు ఏకకంఠముగా పలికెదరు. గురువు తృప్తి చెందును. కాని మాక్స్ క్షమాపణ చెప్పలేదు, తల్లి కోరలేదు. అసలు ఆమె ఒక్క బొమ్మలోనైన కనబడదు. వాడు తన కోపమును దాని అంచువరకు చూచి, తానే విసిగి, తానే మరలెను. కోపము వచ్చినంతనే తాను చెడ్డవాడనని కుములు బిడ్డ ప్రతి తరగతిలోను ఉండును. ఈ పుస్తకము ఆ బిడ్డది. పైనుండి నీతి అతికించినచో దానిని వాని చేతినుండి లాగికొన్నట్లగును. మాటలులేని మూడు జంటపుటలవద్ద ఉపాధ్యాయుడును మాటలు మానుట మంచిది. అక్కడ తరగతిలో గోల పుట్టును, పుట్టనిండు.

చివరి పుటలో బొమ్మ లేదు. భోజనము ఇంకను వేడిగానే యున్నదని చెప్పు ఐదు ఆంగ్లపదములు మాత్రమే కలవు. అది చదివి ఊరకుండినచో, చురుకైన పిల్ల యెవతెయో చంద్రుని సంగతి ఎత్తును. మొదట కిటికీలో నెలవంక. మాక్స్ తిరిగివచ్చునప్పటికి నిండుచంద్రుడు. అన్నము చల్లారకముందే చంద్రుడెట్లు నిండెను? పిల్లలు పుస్తకమును లాగికొని మొదటినుండి తిరుగవేయుదురు. అందుకు గంట కొట్టుటకు ముందు పది నిమిషములైన మిగిల్చి యుంచవలెను.