నెమలి పిల్లకు నూకలు చాలవు



వానలు పడి చేలు పచ్చబడ్డాక గ్రామ సంఘాలలో ఆరాధన ముగిసి అందరూ చెట్టు క్రింద కూర్చున్నప్పుడు ఈ ప్రశ్న తరచుగా వినబడుతుంది. "అయ్యగారూ, గట్టున తుప్పల్లో నెమలి గుడ్లు దొరికాయి. పొదుగు మీదున్న కోడిపెట్ట క్రింద పెట్టాము. పిల్లలు దిగితే ఏమి మేత వేయాలి?" అడిగేవారిలో చెడు తలంపు ఏమీ ఉండదు. ఇంట్లో పిల్లలకు ముచ్చట, చూసేవారికి అందం. అయితే నా జవాబు వారు ఎదురుచూసే చోట మొదలు కాదు.

నెమలిని 1963లో మన జాతీయ పక్షిగా ప్రకటించారు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో అది మొదటి షెడ్యూలులో ఉన్నది. 2022లో చట్టాన్ని సవరించినప్పుడు కూడా దాన్ని అక్కడే ఉంచారు. పట్టడం, చంపడం మాత్రమే కాదు, గూటినీ గుడ్లనూ కదిలించడం కూడా ఆ చట్టం లెక్కలో వేటే. శిక్ష మూడేళ్ళకు తక్కువ కాకుండా ఏడేళ్ళ వరకు జైలు, పైన జరిమానా. అమెరికాలోనూ ఇంగ్లండులోనూ తోటలలో నెమళ్ళను పెంచుకుంటారు, వాటికని తయారైన మేత సంచులు అక్కడ అమ్ముతారు. మన దేశంలో పెంపుడు నెమలి అనే మాట చెల్లదు. (చేలో రాలిన ఈకను బిడ్డలు పుస్తకంలో పెట్టుకుంటే భయం లేదు. అది పిల్లలు పెడుతుందని చెప్పేవారి మాట మాత్రం నమ్మకండి.)

ఒక పెద్దాయన ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయము చూపించారు. తల్లిని విడిచిపెట్టి పిల్లలను తీసుకొనవచ్చునని అక్కడ ఉన్నది కదా అన్నారు. ఉన్నది. అది ఆ దేశంలో ఆహారం కొరకు గుడ్లు ఏరుకునేవారికి, పక్షి జాతి తరిగిపోకుండా పెట్టిన హద్దు. ఈనాడు మన దేశం ఈ పక్షికి ఇంకొంచెం పెద్ద హద్దు పెట్టింది. రోమా పత్రిక 13వ అధ్యాయము చదివే మనము ఆ హద్దును తేలికగా తీసుకొనరాదు.

ఇప్పుడు మేత సంగతి. చట్టం వద్దన్నదానికి నెమలి కడుపు కూడా సాక్ష్యం చెబుతుంది. కోడిగుడ్డు 21 రోజులకు పొదుగుతుంది, నెమలి గుడ్డుకు 28 రోజులు పడుతుంది. తన గుడ్లతో కలిపి పెడితే కోడి తన పిల్లలు దిగగానే వాటిని తీసుకొని లేచిపోతుంది, మిగిలిన గుడ్లు చల్లబడిపోతాయి. ఒకవేళ పిల్ల దిగినా తిండి దగ్గర చిక్కు వస్తుంది. ఆడ నెమలి పురుగును ముక్కున పట్టి పిల్లకు అందిస్తుంది, మొదటి రోజుల్లో పిల్ల ఆ ముక్కు నుండే అందుకుంటుంది. కోడి తల్లి గీరి, పిలిచి, నేల మీద చూపిస్తుంది. నెమలి పిల్ల ఆ నేలను చూడక కోడి ముక్కు వైపే చూస్తూ నిలబడుతుంది.

మనం చల్లేవి నూకలు. నూకలలో మాంసకృత్తులు నూటికి ఏడెనిమిది పాళ్ళకు మించవు, జొన్నలో పది. నెమలి పిల్లకు మొదటి ఆరేడు వారాలు పాతిక నుండి ముప్పై పాళ్ళు కావాలి. అడవిలో అది చెదలు, చీమలు, మిడతలు ఏరి ఆ లోటు తీర్చుకుంటుంది. పెద్దదైతే గింజలు, చిగుళ్ళు, రేగుపండ్లు, తొండలు, చిన్న పాములు కూడా తింటుంది. ఒట్టి గింజ మీద పెరిగిన పిల్లకు ఎముక గట్టిపడదు, కాలివ్రేళ్ళు వంకర తిరుగుతాయి. పోషకాల లోపమే దానికి కారణం. దిష్టి అని తాడు కట్టినందువలన లాభం లేదు.

కోళ్ళ దొడ్డిలో ఇంకొక అపాయం ఉన్నది, బ్లాక్‌హెడ్ అనే జబ్బు. కోళ్ళ ప్రేగులలో ఉండే ఒక సన్నని పురుగు గుడ్ల ద్వారా అది వ్యాపిస్తుంది. ఆ గుడ్లు మట్టిలో ఏళ్ళ తరబడి చావవు. మన నాటుకోడి ఆ జబ్బును మోస్తూ కూడా ఏమీ ఎరుగనట్టు తిరుగుతుంది. నెమలి గాని టర్కీ గాని అదే నేలను గీరితే గంధకపు రంగులో పారుకుంటూ, రెక్కలు వ్రేలాడవేసి చనిపోతుంది.

సొలొమోను ఓడలు మూడేండ్లకొకసారి తెచ్చిన వస్తువులలో నెమళ్ళు ఉన్నవని 1 రాజులు 10:22 చెబుతుంది. అక్కడి హెబ్రీ మాట తమిళంలోని తోగై అనే మాట నుండి వెళ్ళిందని చాలామంది పండితులు అంటారు. తోగై మన తోకకు చుట్టమే. వేరే జంతువని అనువదించినవారూ ఉన్నారు. నెమళ్ళే అయితే అన్ని నెలల సముద్ర ప్రయాణంలో నావికులు వాటికి ఏమి వేసి బ్రతికించారో అని నేను అనుకుంటూ ఉంటాను.

సరే, పిల్ల ఎదురుపడితే ఏమి చేయాలి? తల్లి దగ్గరలోనే ఉంటుంది, మీరు ప్రక్కకు జరిగితే వస్తుంది. గాయపడినదో, కుక్కలు తరిమి తల్లిని పోగొట్టుకున్నదో అయితే అటవీశాఖ సిబ్బందికి వెంటనే తెలియజేయండి. ఇప్పటికే కోడి క్రింద గుడ్లు పెట్టినవారు కూడా దాచక వారికే చెప్పండి. వారు వచ్చేవరకు పిల్లను అట్టపెట్టెలో పాతగుడ్డ వేసి వెచ్చగా ఉంచండి, కోళ్ళకు దూరంగా. పళ్ళెంలో గులకరాళ్ళు పేర్చి కొద్దిగా నీళ్ళు పోయండి, లేకపోతే మునిగిపోతుంది. ఉడికించిన గుడ్డు పచ్చసొన చిదిమి, నాలుగు చెదపురుగులు దొరికితే వాటితో కలిపి, వ్రేలి కొసన ముక్కు ముందు చూపండి. పాలు, రొట్టె, అన్నం వద్దు.

పెద్ద పక్షిని పెంచాలనే కోరిక ఉంటే టర్కీలు ఉన్నాయి, చట్టం అభ్యంతరం లేదు. వాటి పిల్లలకూ మొదట ఇరవై ఎనిమిది పాళ్ళు మాంసకృత్తులు కావాలి గనుక పైన చెప్పినదంతా అక్కడ పనికివస్తుంది. కుండలో తడి గడ్డి, పేడ కూరి పుట్ట దగ్గర సాయంత్రం బోర్లిస్తే తెల్లవారేసరికి చెదలు పడతాయి, ఖర్చు లేని మేత. బ్రాయిలర్ దాణా సంచి కొనేముందు పశువైద్యుని అడగండి. రక్తపారుడుకు అందులో కలిపే మందులలో సాలినోమైసిన్ వంటివి టర్కీలకు విషం. వేరుశెనగ చెక్క బూజు పట్టి ఉంటే ఎంత చవకైనా వేయవద్దు. 1960లో ఇంగ్లండులో బూజు విషమున్న వేరుశెనగ పిండి తిని లక్షకు పైగా టర్కీ పిల్లలు చనిపోయాయి. అఫ్లటాక్సిన్ అనే ఆ విషం లోకానికి తెలిసింది ఆ సంఘటన వలననే.

చివరగా, నెమళ్ళతో పంట నష్టపోయే రైతు సోదరులకు ఒక మాట. విత్తిన వేరుశెనగను వరుసగా పెరికి తింటే కడుపు మండుతుంది, నిజమే. కొందరు గింజలకు పురుగుమందు పట్టించి గట్ల మీద చల్లుతున్నారు. ఆ గింజను నెమలి ఒక్కటే తినదు. మీ ఇంటి కోడి తింటుంది, చచ్చిన పక్షిని కుక్క తింటుంది, దొరికినదాన్ని కూర వండుకునే బీదవారు కూడా ఉన్నారు. మెరిసే రిబ్బన్లు, పాత చీరెల కంచె, మొలక వచ్చే వారం పది రోజులు ప్రొద్దున, సాయంత్రం ఒక మనిషి కాపలా, ఇవి చాలావరకు ఆపుతాయి. మందు కలిపిన విత్తనం సాలులో పూర్తిగా కప్పబడేలా విత్తండి. మిగిలినది గట్టున పారబోయక లోతుగా గొయ్యి తీసి, బావికి దూరంగా పూడ్చండి. ఆ గోతాన్ని మళ్ళీ బియ్యానికి వాడకండి.