సెటిల్ అయినంక చేసేదేనా సేవ?

వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని తమ్ముళ్ళు అడిగారు. పీజీ చదివినవాడు కదా, సేవే జీవిత లక్ష్యమని నాలుగు మంచి మాటలు రాస్తాడని అనుకొని ఉంటారు. నాకు ఆ మాటతోనే కొంత పేచీ ఉంది.

ముందు ఉద్యోగం, ఇల్లు, చెల్లెలి పెళ్ళి. సెటిల్ అయినంక సేవ. మా ఇంట్లో మొదటి డిగ్రీ నాది, నేనూ అట్లనే అనుకున్నాను. అమ్మానాన్న కూలికి పోతుంటే నేను సేవ అని తిరగడం తప్పనిపించేది. (పుట్టినరోజుకు అరటిపండ్లు పంచి ఫొటో దిగడం సంగతి ఇక్కడ ఎత్తను.)

మన మల్దకల్ దిక్కు సీడ్ పత్తి గురించి మీకు చెప్పనక్కర్లేదు. సాయంత్రం మొగ్గలు గిల్లాలి, పొద్దున మగ పువ్వు రుద్దాలి, పూత ఉన్నన్ని రోజులూ అదే పని. ఎనిమిదో తరగతిలో నేను ఆ పనికి పోయి ఆగిపోయాను. నాన్న ఆర్గనైజర్ దగ్గర అడ్వాన్సు తీసుకున్నాడు. తిమ్మప్ప జాతరకు కొత్త ప్యాంటు కొనిస్తానంటే నాకు సంబరమే అయింది.

మూడు వారాలకు హాస్టల్‌లో వంట చేసే పెద్దమ్మ మా చేనికి వచ్చింది. ఎవరూ పంపలేదు, సొంత చార్జీలు పెట్టుకొని వచ్చింది. గట్టు మీద కూర్చొని, “అన్నా, వీని కంచం అట్లనే ఉంది, ఎవరికీ ఇయ్యలే” అన్నది. నాన్న ఏమీ మాట్లాడలేదు. ఆదివారం నన్ను బస్సెక్కించాడు. నా వంతు పని కూడా అమ్మ చేసి ఆ అడ్వాన్సు తీర్చింది.

పీజీలో ఎస్.ఆర్. శంకరన్ గారి గురించి చదివినప్పుడు పెద్దమ్మే గుర్తొచ్చింది. 1976లో వెట్టిచాకిరీ రద్దు చట్టం వచ్చినప్పుడు ఉమ్మడి రాష్ట్రంలో సాంఘిక సంక్షేమ శాఖ ఆయన చేతిలో ఉండేది. చట్టాన్ని ఫైల్లో పెట్టి ఊరుకోక ఊళ్ళకు తీసుకుపోయారు. గురుకులాలకు పునాది వేసినవారిలో ఆయన ఒకరు. జీతంలోంచి పేదపిల్లల్ని చదివించారు. 2010లో కన్నుమూశారు. అందరూ ఆయన పెళ్ళి చేసుకోని సంగతే గొప్పగా చెప్తారు. నాకు పెద్దగా తోచింది వేరే. సేవ కోసం ఉద్యోగం మానలేదు, ఉద్యోగం అయ్యాక చేద్దామని ఆగనూ లేదు. తన బల్ల మీదికి వచ్చిన పనిలోనే చేశారు. కంచాలు లెక్కపెట్టే పెద్దమ్మకు ఒక కంచం మిగిలినట్టు కనపడింది, ఆమె బయల్దేరింది.

నేను గ్రూప్స్‌కు చదువుతున్నాను, మానను. ఇంటికి ఆ జీతం కావాలి. అయితే పూత రోజుల్లో ఆదివారాలు, హాస్టల్‌కు రాని పిల్లల ఇళ్ళకు పోతున్నాను. పోయినేడు ఐదిళ్ళు తిరిగితే ఇద్దరు తిరిగొచ్చారు. ఒకాయన “అడ్వాన్సు నువ్వు కడ్తవా?” అని అడిగాడు. నా దగ్గర జవాబు లేదు, ఇప్పటికీ దొరకలేదు. ఈసారి ఒక్కణ్ణే పోవాలని లేదు. మన హాస్టల్‌లో పది పాసైనవాళ్ళు ఎవరైనా వస్తారా? ఆగస్టు మొదటి ఆదివారం పొద్దున్నే గేటు దగ్గర ఉంటాను.